సిరుగుప్ప దారిలో శెట్రు కారు

హగరి నది పొంగి, వంతెన మీద నీళ్ళు మోకాలెత్తు పారిన ఏడాది ఒకటుంది. బళ్ళారి వైపు వాళ్ళు పెళ్ళిళ్ళూ పుట్టుకలూ ఆ ఏటితోనే లెక్క చెబుతారు. ఆ వరద తరువాత వచ్చిన రెండో దసరాకు జరిగిన సంగతి ఇది.

బ్రూస్‌పేటలో బట్టల అంగడి శంకరనారాయణ శెట్టికి ఒక పాత కారు ఉండేది. పాలరంగుది. కొని తొమ్మిది నెలలైంది. నడపడం నేర్చుకుని ఏడు నెలలు. కార్ల గురించి తనకు తెలియనిది ఏమీ లేదని నమ్మడం మొదలుపెట్టి ఆరు నెలలు.

విజయదశమి నాడు ఆయన బావమరిది కేశవమూర్తి సిరుగుప్పలో కొత్త ఇంట్లో చేరుతున్నాడు. వడ్ల వ్యాపారం చేసి, నాలుగేళ్ళు గోడలు లేపి కట్టిన ఇల్లు. ముహూర్తం పది గంటల ఇరవై నిమిషాలకు. కొత్త ఇంట్లో తొలి పొయ్యి వెలిగించి పాలు పొంగించాల్సింది ఆ ఇంటి ఆడపడుచు. కేశవమూర్తికి ఉన్నది ఒక్క అక్క. ఆమే శంకరనారాయణ భార్య వాసవాంబ. ఆమె ఆ పాల కోసం కొత్త ఇత్తడి గిన్నె కొని, రెండు నెలలుగా చింతపండుతో తోముతూనే ఉంది.

పిలవడానికి వచ్చినప్పుడు కేశవమూర్తి ఒక మాట అన్నాడు.

"బావా, ముందురోజే బస్సుకొచ్చేయండి. దశమి పొద్దున హడావిడి వద్దు."

"కారు పెట్టుకొని బస్సెక్కేదేందప్పా?" అన్నాడు శంకరనారాయణ. "నీ ఇంటి ముందర నా కారు నిలబడాల్నా వద్దా? ఊరు చూడాల్నా వద్దా?"

కేశవమూర్తి సరేనని లేచాడు. అక్క మొగుడితో వాదించడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

దశమికి ముందు రోజు నవమి. ఆయుధపూజ. ఆ రోజు బళ్ళారిలో కత్తెర మొదలుకొని లారీదాకా ప్రతి పనిముట్టుకూ బొట్టు పడుతుంది. పూజలో పెట్టినదాన్ని దశమి నాడు మళ్ళీ హారతి ఇచ్చి కదిలించేదాకా ఎవరూ ముట్టరు. దర్జీ కత్తెర ముట్టడు, తక్కెడ వాడు తక్కెడ ముట్టడు, మెకానిక్కు పానాలు ముట్టడు.

పురోహితుడు వచ్చాడు. ఆయన ఆ వీధిలోనే పదకొండు బండ్లకు పూజ చేయాలి. శెట్టి కారుకు ఐదు నిమిషాల్లో మంత్రం ముగించి, గుమ్మడికాయ కొట్టించి పోయాడు. శంకరనారాయణకు అది చాలలేదు. డాక్టరు కారుకు ఇరవై నిమిషాలు చేశాడని ఎవరో చెప్పారు. మిగతా పదిహేను నిమిషాల పూజ తానే చేసుకున్నాడు.

ముందర లైట్లకు గంధం, పసుపు కలిపి వేలి మందాన పూసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాడు. బంపరుకు రెండు వైపులా అరటి పిలకలు నిలబెట్టి పురికొసతో కట్టాడు. కొస మిగిలితే కోయడం అశుభమని అలాగే వదిలేశాడు. స్టీరింగుకు చామంతి దండ మూడు చుట్లు చుట్టాడు. తరువాత బానెట్టు ఎత్తి లోపలికి వంగాడు. పావుగంట లేవలేదు.

"లోపల దేవుడెవరూ లేరు కదండీ," అంది వాసవాంబ.

"ఇంజినుండాది కదే. దానికి మాత్రం అక్కరలేదా?"

దశమి పొద్దున ఐదు గంటలకు శంకరనారాయణ కారుకు హారతి ఇచ్చి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. వెనక సీటులో వాసవాంబ ఒళ్ళో ఇత్తడి గిన్నెతో కూర్చుంది. ముందర, నిన్ననే వచ్చి దిగిన ఆయన మేనమామ విరూపాక్షయ్య. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఎక్కడ భోజనమున్నా వస్తాడు. ఏది తప్పినా చెబుతాడు.

"ఏమండీ, దండలూ అవీ తీసేసి పోదామా? దారి పొడుగునా ఊగుతాంటాయి," అంది వాసవాంబ.

"తీసేస్తే పూజ చేసిన కారని సిరుగుప్పలో ఎవరికి తెలుస్తాది? సుమ్నుండు, మాట్లాడొద్దు."

ఊరు దాటేసరికి ఇంకా చీకటే. శంకరనారాయణ లైట్లు వేశాడు. రోడ్డు కనిపించలేదు. ఎక్కడో దీపం పెట్టిన మసీదు కిటికీలా కారు ముందర కొంచెం పచ్చగా అయింది, అంతే. ఆ పచ్చదనం మధ్యలో రెండు గుండ్రటి నీడలు ముందుగా పోతున్నాయి.

"శంకరా, లైట్లేసినావా?" అన్నాడు విరూపాక్షయ్య.

"వేసినా మామా."

"వేసినట్టు నువ్వే చెప్పాల. నాకైతే తెలియలా."

శంకరనారాయణ బండి నెమ్మది చేశాడు. ఒక ఎద్దుల బండి వాళ్ళను దాటిపోయింది. బండి కింద కట్టిన లాంతరు వెలుగులో కాసేపు దాని వెనకే పోయారు. బండివాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"మొన్న ఎంత బాగుండె లైట్లు!" అన్నాడు శంకరనారాయణ. పళ్ళు కొరికాడు. "అర్థమాయె. అష్టమి నాడు గ్రీసు పెట్టించేకి హులిగప్ప షెడ్డులో వదిలినా కదా? బల్బులు మార్చినాడు వాడు. మంచివి తీసుకొని పాతవి తగిలించినాడు."

హులిగప్ప బ్రూస్‌పేట వెనక సందులో మెకానిక్కు. తడికె షెడ్డు ఒకటి, దాని ముందర నేరేడు చెట్టు ఒకటి ఆయన ఆస్తి.

"హులిగప్ప అట్లాటోడు కాదండీ," అంది వెనకనుంచి వాసవాంబ. "ఆషాఢంలో నా చెవి కమ్మ ఈ సీటు సందులో పడిపోతే, దొరికిందని ఇంటికి తెచ్చిచ్చినాడు."

"అది బంగారే. అమ్మబోతే దొరుకుతాడు. బల్బుకు పేరు రాసుంటాదా?"

వాసవాంబ సీటులో వెనక్కి వాలింది. గిన్నె మీద పైట కప్పుకుని కూర్చుంది.

తెల్లవారింది. ఇక లైట్ల అక్కర తీరిందని శంకరనారాయణకు ఊపిరి వచ్చింది. ముందు ఊళ్ళో రోడ్డు ఎడమకు తిరుగుతుంది. ఆయన స్టీరింగు ఎడమకు తిప్పాడు. హారను మోగింది. ఆయన మోగించలేదు. స్టీరింగు నేరుగా చేస్తే ఆగింది. మళ్ళీ ఎడమకు తిప్పితే మళ్ళీ మోగింది. టీ అంగడి ముందర బెంచీ మీద కూర్చున్న నలుగురు లేచి నిలబడ్డారు. ఎనుములు తోలుకుపోతున్న ఒక ముసలామె ఎనుములను వదిలేసి గోడకు ఆనుకుంది.

"నీ కారుకేం పోయేకాలమయ్యా! మనిషి కనపడినంత మాత్రాన అరిచేదేనా?" అంది.

"వైర్లు కలిపేసినాడు," అన్నాడు శంకరనారాయణ మామతో. "లైటు వైరు తెచ్చి హారనుకు కట్టినాడు."

"మరి లైటు కూడా ఎడమకు తిప్పితే వెలుగుతాదేమో. చూసినావా?"

ఆ ఊరు దాటి రెండు మైళ్ళు పోయాక రోడ్డు కుడికి తిరిగింది. ఈసారి హారను మోగలేదు. స్టీరింగు కదలలేదు. రెండు చేతులతో, భుజంతో, చివరికి మోకాలు ఆనించి తిప్పితే కొంచెం తిరిగింది. కారు రోడ్డు అంచున జొన్నచేను గట్టును రాసుకుంటూ పోయి మళ్ళీ దారికి వచ్చింది.

"స్టీరింగు బాక్సు కూడా మార్చినాడు!"

"స్టీరింగు బాక్సంటే ఏందండీ?" అంది వాసవాంబ.

"చెప్పినా నీకు తెలియదు."

ఆయనకూ తెలియదు. ఆ మాట ఒకసారి లారీ డ్రైవరు నోట విన్నాడు.

విరూపాక్షయ్య రెండు చేతులతో తలుపు పట్టుకుని, "ఎడమకు పోతే అరుస్తాంది, కుడికి పోతే మొరాయిస్తాంది. నేరుగా పోనీరా నాయనా. దేవుడి దయ వల్ల సిరుగుప్ప నేరుగానే ఉండాది," అన్నాడు.

అలా ఏడింటికి టెక్కలకోటకు రెండు మైళ్ళ ఇవతల కాలువ వంతెన దాకా వచ్చారు. వంతెన ఎక్కేచోట ఒక గుంత ఉంది. కారు అందులో పడి లేచింది. రెండుసార్లు దగ్గి, వంతెన దిగేచోట ఆగిపోయింది. శంకరనారాయణ తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. ఎడమకు తిప్పినా ఇప్పుడు హారను కూడా లేదు.

దిగి బానెట్టు ఎత్తాడు. నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు లోపలికి చూశాడు. లోపల పసుపు, కుంకుమ, పూలు, ఆకులు, అక్షతలు. వాటి కింద ఇంజిను.

వరిచేలలో కలుపు తీయడానికి పోతున్న ఆడవాళ్ళు పదిమంది ఆగారు.

"ఏమైంది సామీ?" అంది ఒకామె.

"పార్టులు కొట్టేసినారమ్మా."

"యాడ? ఈడనా?"

"ఈడ కాదు, బళ్ళారిలో. మా మెకానిక్కే. హులిగప్పని."

"అయ్యో, నమ్మినోడే," అంది ఆమె. మిగతావాళ్ళు కూడా నాలుక చప్పరించారు. పేరు కూడా గుర్తు పెట్టుకుని చేలోకి దిగారు. సాయంత్రానికి ఆ పేరు టెక్కలకోట చుట్టూ ఆరు ఊళ్ళకు చేరుతుంది.

పావుగంటకు బళ్ళారి పోయే బస్సు వచ్చింది. కండక్టరు లక్ష్మన్న, ఈ శెట్టి అంగడిలోనే ధోవతులు కొనే మనిషి. శంకరనారాయణ బస్సు ఆపాడు.

"లక్ష్మన్నా, బ్రూస్‌పేటలో హులిగప్పకు చెప్పప్పా. మా కారులోనుంచి తీసినవన్నీ ఎత్తుకొని ఈ క్షణమే రమ్మను. రాకుంటే కథ వేరే ఉంటాదని చెప్పు."

కొంచెం గట్టిగానే చెప్పాడు. బస్సులో ఆ వైపు కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి.

"హులిగప్పనా శెట్రే? నిజంగానా?" అన్నాడు లక్ష్మన్న.

"నిజం కాకుంటే నేను కాలువ గట్టున ఎందుకు నిలబడి ఉంటానప్పా?"

బస్సు పోయింది. తరువాత అరగంటకు సిరుగుప్ప పోయే బస్సు వచ్చింది. వాసవాంబ గిన్నె తీసుకుని లేచింది.

"కూర్చో. యాడికి?" అన్నాడు శంకరనారాయణ.

"ఎనిమిదైతాంది. నేను దీంట్లో పోతా. మీరు కారు బాగు చేసుకొని రండి."

"కారులో బయల్దేరి బస్సులో దిగినావంటే నీ తమ్ముని ఇంటి ముందర నా మొగం యాడ పెట్టుకోవాల? హులిగప్ప వస్తాడు. వాడు తీసినవి వాడే పెడతాడు. కూర్చో."

ఆమె కూర్చుంది. ఆయన బస్సులోని ఒక బియ్యం దళారిని పట్టుకుని, "కేశవమూర్తికి చెప్పప్పా. టెక్కలకోట దగ్గర కాలువ మీద కారు పడిపోయింది, అయినా వస్తాండామని," అన్నాడు. పడిపోవడమంటే ఆయన ఉద్దేశంలో పని ఆగడం. మామ మాత్రం, "ఆ మాట మార్చి చెప్పురా," అన్నాడు. బస్సు అప్పటికే కదిలింది.

ఎండ ఎక్కింది. విరూపాక్షయ్య తువ్వాలు పరుచుకుని వంతెన పిట్టగోడ మీద కూర్చుని, సిరుగుప్పకని వాసవాంబ చేసిన చిత్రాన్నంలో సగం తిన్నాడు. శంకరనారాయణ రోడ్డు మీద బళ్ళారి వైపు నాలుగు అడుగులు, సిరుగుప్ప వైపు నాలుగు అడుగులు వేస్తూ ఉన్నాడు. వాసవాంబ గిన్నెలో తన ముఖం చూసుకుంటూ కూర్చుంది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా ఇంకో బస్సు వచ్చింది. ఈసారి వాసవాంబ ఎవరినీ అడగలేదు. రోడ్డు మధ్యకు పోయి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమే! ఏమే, చెప్తాండా కదా!"

ఆమె బస్సు మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"ఆడ పొయ్యి నా కోసం కాసుకొనుండాది. మీరు కారును కాసుకోండి."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె అంత తెగేసి జవాబు చెప్పడం అదే మొదటిసారి. కేరేజీ అడుగున మిగిలిన చిత్రాన్నం తింటున్న విరూపాక్షయ్య, "అట్ల చెప్పమ్మా," అన్నాడు.

ఆమె పోయిన ముప్పావు గంటకు సిరుగుప్ప వైపునుంచి దుమ్ము లేచింది. దుమ్ములోంచి ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలో నలభై మంది. పట్టుపంచె కట్టుకుని, నుదుట బాసికం ఊగుతుండగా, కేశవమూర్తి ఇంజిను పక్క మడ్‌గార్డు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య విజయమ్మ ట్రాలీలో నిలబడి ఏడుస్తోంది. పురోహితుడు కూడా ఉన్నాడు. ఆయన చేతిలో కలశం ఉంది.

ట్రాక్టరు ఆగకముందే కేశవమూర్తి దూకాడు.

"బావా! బతికినావా బావా!"

"నాకేమైందప్పా?"

"కారు కాలువలో పడిపోయిందంట కదా! అక్కను నీళ్ళలో వెతుకుతాండారంట కదా!"

"ఎవరు చెప్పినారు?"

"బియ్యం దళారి వడ్లమండీలో చెప్పినాడు. మండీ వాళ్ళు మాకు చెప్పినారు. అక్క యాడ బావా?"

"బస్సులో పోయింది."

"యాడికి?"

"మీ ఇంటికే."

"మా ఇంట్లో ఎవరుండారు బావా?" కేశవమూర్తి ట్రాలీ వైపు చెయ్యి చూపించాడు. "అందరం ఈడే ఉండాము కదా!"

విజయమ్మ ఏడుపు ఆపింది. ట్రాలీలో ఎవరో, "మూర్తం పదీ ఇరవైకి కదా, ఇప్పుడెంత?" అన్నారు. తొమ్మిదీ నలభై ఐదు. ట్రాక్టరు రావడానికి గంట పట్టింది. పోవడానికీ గంటే. దారిలో వాసవాంబ బస్సు ఎదురుగా పోయినా, ఏడుపుల్లో, దుమ్ములో ఎవరూ చూడలేదు. నలభై మందీ కారు వైపు చూశారు. తరువాత శంకరనారాయణ వైపు చూశారు.

ఆ చూపులు ఆయన తట్టుకోలేకపోయాడు.

"నా తప్పేముందప్పా ఇందులో?" అని గొంతు పెంచాడు. "ఇల్లు దోచినట్టు దోచినాడు ఆ హులిగప్ప. బల్బులు తీసినాడు, వైర్లు తీసినాడు, స్టీరింగు బాక్సు తీసినాడు. పది నిమిషాల్లో వాణ్ణి మీ ముందర నిలబెడతా. మీరే అడగండి."

పది నిమిషాలు పట్టలేదు. బళ్ళారి నుంచి వచ్చిన బస్సు వంతెన దగ్గర ఆగింది. హులిగప్ప దిగాడు. తలంటుకుని ఉన్నాడు. నుదుట విభూతి, ఒంటి మీద ఉతికిన తెల్ల చొక్కా. చేతుల్లో ఏమీ లేదు.

"ఏందప్పా, ఉత్త చేతుల్తో వచ్చినావు?" అన్నాడు శంకరనారాయణ. "పానాలు యాడ?"

"పూజలో ఉండాయి శెట్రే. ఇంకా కదిలించలేదు. హారతి వెలిగించబోతాంటే మీ కబురొచ్చె." ఆయన గొంతులో కోపం లేదు. అదే ఇబ్బందిగా ఉంది. "నేనేమో ఇంజిను తీసినానంట కదా?"

"ఇంజిననలేదప్పా నేను. పార్టులన్నా."

"లక్ష్మన్న పార్టులనే చెప్పినాడంట. బీడా అంగడికొచ్చేసరికి ఇంజినాయె. మా సందుకొచ్చేసరికి కారే ఎత్తుకపోయినానంట. మా ఆడది నన్ను పక్కకు పిలిచి అడిగింది, యాడ దాచినావు చెప్పు, శెట్రు కాళ్ళు పట్టుకొని ఇచ్చేద్దామని."

ట్రాలీలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"అష్టమి సాయంత్రం మీకు కారిచ్చినా," అన్నాడు హులిగప్ప. "ఆ రాత్రే పానాలు కడిగి పీట మీద పెట్టినా. నిన్నంతా ముట్టలేదు. పానా లేకుండా స్టీరింగు బాక్సు పండ్లతో పీకినానా శెట్రే? సరే, చూద్దాం."

చెప్పులు రోడ్డు పక్కన విడిచి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ప్రదక్షిణం చేస్తున్నాడేమోనని పురోహితుడు చేతులు జోడించబోయాడు. హులిగప్ప భుజం మీది తువ్వాలు కాలువలో తడిపి తెచ్చి, ముందర లైట్లు రెండూ తుడిచాడు. తువ్వాలు పచ్చగా అయింది. లైట్ల అద్దాలు తళతళమన్నాయి.

"బల్బులు ఈడనే ఉండాయి."

తరువాత నేల మీద పడుకుని బంపరు కిందికి చెయ్యి పోనిచ్చాడు. పురికొస చివర దొరికింది. లాగాడు. అది వస్తూనే ఉంది. రెండు మూరలు, మూడు మూరలు. చక్రాలను తిప్పే కడ్డీకి గట్టిగా చుట్టుకుని ఉంది. కొస చివర అరటి పిలక తొక్క కూడా వచ్చింది. పిలక ఎక్కడో జొన్నచేను దగ్గరే పోయింది.

"ఇది కుడికి అడ్డం."

కారులో కూర్చుని స్టీరింగు మీది చామంతి దండలోకి వేళ్ళు దూర్చాడు. దండ అడుగున, హారను రింగుకూ స్టీరింగు ఊచకూ మధ్యన, ఎర్ర దారంతో బిగించిన నిమ్మకాయ ఒకటి దొరికింది. స్టీరింగు ఎడమకు తిరిగినప్పుడల్లా ఆ కాయ రింగు మీదికి వాలుతుంది.

"ఇది ఎడమకు అరుపు."

అందరూ దగ్గరికి జరిగారు. బస్సు కూడా కదలలేదు. డ్రైవరు దిగి నిలబడ్డాడు. హులిగప్ప బానెట్టులోకి వంగి, పూలూ ఆకులూ ఒక పక్కకు తోసి, బ్యాటరీ తల మీది వైరు పట్టీ పట్టుకుని కదిపాడు. అది చేతిలోకి వచ్చేసింది. దాని కింద మడిచిన తమలపాకు. తమలపాకు చుట్టూ పసుపు కొమ్ము కట్టిన కంకణం.

"ఇదెవరు కట్టినారు శెట్రే? బ్యాటరీ మెడకు?"

శంకరనారాయణ కాలువలో నీళ్ళు చూస్తున్నాడు.

"వాడే," అన్నాడు విరూపాక్షయ్య. "నిన్న పావుగంట వంగినాడు. మొక్కుకుంటాండాడనుకుంటి. పెండ్లి చేస్తాండాడని నాకేం తెలుసు?"

హులిగప్ప కంకణం కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. పట్టీని దాని చోట కూర్చోబెట్టి అరచేత్తో అదిమాడు. రోడ్డు పక్కనుంచి ఒక రాయి తీసుకుని రెండు దెబ్బలు వేశాడు.

"రాయి పూజలో లేదులే," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "ఇప్పుడు తిప్పండి."

తిప్పగానే కారు లేచింది. కేశవమూర్తికి అప్పుడు అసలు సంగతి అడగాలనిపించింది.

"హులిగప్పా, ఇంతకూ కారులో ఏమేం పోయినాయప్పా?"

"ఏం పోలేదు సామీ," అన్నాడు హులిగప్ప. "ఎక్కువైనాయి."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే శంకరనారాయణకు కొంచెం తేలికగా ఉండేది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీలు తడుముకున్నాడు. క్షమాపణ మాట గొంతు దాకా వచ్చింది. నలభై మంది, వాళ్ళ వెనక బస్సు కిటికీలు. ఆ మాట లోపలికే పోయింది. బయటికి వేరే మాట వచ్చింది.

"ఎక్కప్పా హులిగప్పా. ఆడ భోంచేసి పోదువు."

"వద్దు శెట్రే. ఇంటి దగ్గర పూజ కదిలించలేదు. కదిలించందే మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు."

ఆయన చెప్పులు తొడుక్కుని రోడ్డు దాటి, బళ్ళారి పోయే బస్సు కోసం చింతచెట్టు కింద నిలబడ్డాడు. ఉతికిన తెల్ల చొక్కా వీపంతా మట్టి.

కారులో తొమ్మిది మంది ఎక్కారు. కేశవమూర్తి, విజయమ్మ, కలశంతో పురోహితుడు, మిగతావాళ్ళు ఎవరి మీద ఎవరు కూర్చున్నారో వాళ్ళకే తెలియాలి. శంకరనారాయణ దారిలో ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. కారు చెప్పినట్టు విన్నది. అది కూడా ఆయనకు బాగాలేదు.

సిరుగుప్ప చేరేసరికి పదీ ముప్పై ఐదు. కొత్త ఇంటి తలుపులు తెరిచి ఉన్నాయి. గుమ్మంలో ఆవు ఒంటరిగా పచ్చగడ్డి తింటోంది. వంటింట్లో పొయ్యి ముందర వాసవాంబ కూర్చుని ఉంది. ఆమె పక్కన యంకమ్మ. ఆ ఇంటికి నాలుగేళ్ళు ఇటుకలూ సున్నమూ మోసిన కూలిమనిషి. అందరూ ట్రాక్టరు ఎక్కిపోతే ఆవును చూసుకోమని వదిలిపోయారు.

"అక్కా, పాలు?" అన్నాడు కేశవమూర్తి.

"పొంగినాయి. సరిగ్గా పదీ ఇరవైకి. పక్కింటి గడియారం చూసి యంకమ్మ కేకేసింది."

"మంత్రం?" అన్నాడు పురోహితుడు.

"యంకమ్మ గోవిందా అనింది. నేనూ అన్నా. అంతే."

"నాకేం తెలుసు సామీ," అంది యంకమ్మ భయంగా లేచి నిలబడి. "అక్కయ్య ఒక్కతే ఉండాది. పాలు పైకొస్తాండాయి. నోటికొచ్చింది అన్నా."

పురోహితుడు కాసేపు పొయ్యి చుట్టూ కారిన పాలు చూశాడు. "దోషం లేదు," అన్నాడు. కలశం దించి చేతులు విదిల్చుకున్నాడు.

"మూర్తం తప్పలేదు. మనుషులే తప్పినారు," అన్నాడు విరూపాక్షయ్య. భోజనాలు ఎప్పుడని అడిగాడు.

భోజనాల దగ్గర శంకరనారాయణకు అందరూ మర్యాద చేశారు. విజయమ్మ ఆకులో తీపి ఓళిగ మీద ఓళిగ వేసింది. ఎవరూ కారు మాట ఎత్తలేదు. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు వానల గురించి, వడ్ల గురించి, వాళ్ళకు ఎన్నడూ అక్కరలేని కాలువ గేట్ల గురించి మాట్లాడారు. తల ఎత్తి ఎవరివైపు చూసినా వాళ్ళు ఆకులోకి చూసుకున్నారు.

తిరుగు దారిలో టెక్కలకోట దాటాక వాసవాంబ ముందుకు వంగింది. వంతెన వచ్చాక అడిగింది.

"హులిగప్పకు ఏమని చెప్పినారు?"

"భోంచేసి పొమ్మన్నా."

"అంతేనా?"

"అంతే."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మరునాడు పొద్దున శంకరనారాయణ అంగడి తెరవలేదు. కారు తీయలేదు. నడిచి వెనక సందుకు పోయాడు. షెడ్డు తెరిచే ఉంది కానీ, రోజూ ఉండే నాలుగు బండ్లు లేవు. నేరేడు చెట్టు కింద హులిగప్ప ఒక్కడే కూర్చుని, బొట్లు పెట్టిన పానాలను ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెడుతున్నాడు.

"హులిగప్పా."

"రండి శెట్రే. కారుకేమన్నా అయ్యిందా?"

"కారుకేం కాలేదు." శంకరనారాయణ నిలబడే ఉన్నాడు. "నేను... నిన్న అనకూడని మాటంటిని. నువ్వు తీయలేదని..."

హులిగప్ప చెయ్యి ఆపాడు.

"నాకు చెప్పేది వద్దు శెట్రే. నేను తీయలేదని నాకు మొదటినుంచీ తెలుసు. తెలియనోళ్ళకు చెప్పండి."

మళ్ళీ పానా తుడవడం మొదలుపెట్టాడు.

శంకరనారాయణ సందు దాటి బజారుకు వచ్చాడు. మొదట బీడా అంగడి. "అప్పా, హులిగప్ప ఏం తీయలేదు. బ్యాటరీకి కంకణం కట్టింది నేనే," అన్నాడు. బీడా అంగడాయన స్టూలు వేసి, "కంకణమా? కూర్చోండి శెట్రే, మొదటినుంచి చెప్పండి," అన్నాడు. మొదటినుంచి చెప్పాడు. తరువాత గాజుల అంగడి. అక్కడా మొదటినుంచే. తరువాత కిరాణా, మందుల అంగడి, బస్సుల కోసం నిలబడినవాళ్ళు, బస్సు మెట్టు మీద లక్ష్మన్న. చెప్పినచోటల్లా వాళ్ళు పక్కవాళ్ళను కూడా పిలిచారు. వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ చెప్పాడు. చెవులు కాలుతున్నా ఒక్క ముక్కా దాచలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

పద్నాలుగో అంగడి ఉప్పుమండీ చివర కొత్తగా పెట్టింది. అంగడాయన ఆదోని వైపునుంచి వచ్చి వారమైంది. శంకరనారాయణ ఎవరో ఆయనకు తెలియదు. ఈయన నోరు తెరిచేలోపలే ఆయన, "రాండి పెద్దాయనా, నీడలో కూర్చోండి. ఈ ఊళ్ళో ఒక బట్టల శెట్టి ఏం చేసినాడో విన్నారా?" అని మొదలుపెట్టాడు.

శంకరనారాయణ కూర్చుని చివరిదాకా విన్నాడు. సరిదిద్దడానికి ఒక్క ముక్క కూడా దొరకలేదు.